మొత్తం పిల్లలు: ముగ్గురు (వివరణ జతపరచడమైనది)

గ్రీన్ కార్డు దరఖాస్తులో "మీకు మొత్తం ఎందరు పిల్లలు?" అన్న ప్రశ్నకు జవాబు రాయడానికి మా చెల్లెలి ఇంట్లో రెండు శనివారాలు పట్టింది. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు పిల్లలు. ఆ రెండు శనివారాలూ ముగ్గురూ మా కళ్ళ ముందే ఫ్రిజ్ తలుపు తీస్తూ వేస్తూ తిరుగుతూనే ఉన్నారు కనుక లెక్క తప్పడానికి వీల్లేదు. అయినా హైదరాబాదులోని నానమ్మ లెక్కలో వాళ్ళు ఇద్దరు. గుంటూరులోని అమ్మమ్మ లెక్కలోనూ ఇద్దరే, కాకపోతే ఆ ఇద్దరూ ఈ ఇద్దరూ ఒకరు కారు. ఉభయులకూ ఏకాభిప్రాయం ఉన్నది నాలుగేళ్ళ కిందట డాలస్‌లో పుట్టిన చిన్నపిల్ల విషయంలోనే. పుట్టుకతోనే అమెరికా పౌరురాలైన ఆ పిల్లకు గ్రీన్ కార్డుతో పని లేదు.

చెల్లెలు అన్నాను గాని, ఫారం దృష్టిలో ఆమె నాకు ఏమీ కాదు, మా బాబాయి కూతురు. నా దరఖాస్తు ఒక్క ప్రశ్న కూడా తిరిగి రాకుండా గట్టెక్కిందన్న ఏకైక అర్హత మీద నన్ను పిలిపించి, భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. మా బావగారి మొదటి భార్య పోయారు, ఆమెకు పుట్టిన అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా చెల్లెలికి మొదటి పెళ్ళి విడాకులతో ముగిసింది, ఆ పెళ్ళికి పుట్టిన అబ్బాయికి పదమూడు. 2019లో వీళ్ళిద్దరికీ పెళ్ళయింది. బావగారి ప్రయారిటీ డేటు, అంటే గ్రీన్ కార్డు వరుసలో ఆయన చోటును నిర్ణయించే తేదీ, 2013 నాటిది. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్ళకూ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం పుణ్యమా అని భారతీయుల వరుస ఎంత పొడవుగా ఉంటుందంటే, ఈ మనిషి వరుసలో నిలబడినప్పుడు ఒక సంసారం, వరుస ముందుకు వచ్చేసరికి మరో సంసారం. ఈ మార్పు చేర్పులన్నీ రాసి చూపించమనే ఇప్పుడు ఫారం అడుగుతున్నది.

ఐ-485 అనే ఆ ఫారం ఇరవై పేజీలకు తగ్గదు. మనిషికొకటి చొప్పున నాలుగు నింపాలి. పిల్లల ప్రశ్న దగ్గర ఒక గమనిక ఉంటుంది: కన్నవాళ్ళు, దత్తత తీసుకున్నవాళ్ళు, జీవిత భాగస్వామికి ముందు పెళ్ళి వల్ల కలిగినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు, మీతో ఉన్నవాళ్ళు, ఎక్కడో ఉన్నవాళ్ళు, పెళ్ళికి వెలుపల పుట్టినవాళ్ళు, చివరికి తప్పిపోయినవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు. ఇంత విశాల హృదయంతో మన వాళ్ళెవరైనా పెళ్ళి శుభలేఖలో పేర్లు వేయించగా నేను చూడలేదు. కనుక భార్యాభర్తలిద్దరూ చెరొక ఫారంలో "3" అని వేయాలి. ఈ సంగతి తెలిసి హైదరాబాదు నానమ్మ ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తరువాత "అమెరికా వాళ్ళకి అలాగే ఉంటుంది లే" అన్నారు.

షికాగోలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న మామయ్య మాత్రం దీనికి ఆచరణయోగ్యమైన పరిష్కారం సూచించారు. "అబ్బాయి బావగారికి సొంత కొడుకేనని రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు? పాపం, పిల్లాడి మనసు కూడా కష్టపడదు." ఈ సలహాలోని దయను నేను శంకించడం లేదు. మన సమాజంలో అబద్ధాలలో సింహభాగం పిల్లల మనసు కష్టపడకుండా చెప్పేవే. అయితే వలస చట్టం ఈ విషయంలో కొంచెం మొరటుది. పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండక ముందే తల్లి ఈ పెళ్ళి చేసుకుంటే చాలు, ఆ పిల్లవాడు కొత్త తండ్రికి చట్టరీత్యా బిడ్డే, వేరే దత్తత కాగితం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే హక్కుగా వచ్చే కార్డు, ప్రేమ కొద్దీ "సొంత కొడుకు" అని రాస్తే తప్పుడు సమాచారం కింద జీవితకాలపు అనర్హతకు దారితీయవచ్చు. అంటే ఆ పిల్లవాడు సొంత బిడ్డగా చెల్లుబాటు కావాలంటే సొంత బిడ్డ కాదని రాయక తప్పదు. మామయ్యకు ఇది రెండుసార్లు చెప్పాను. "ఏమో, మా రోజుల్లో ఇన్ని లేవు" అన్నారు. వారి రోజుల్లోనూ ఉన్నాయి. వారికి ఒకే పెళ్ళి అయింది, అంతే తేడా.

అసలు చిక్కంతా మన మాటల్లో ఉంది. "సవతి" అన్న మాటను తెలుగువాడు ఇంట్లో పలకడు. ఏటా ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ వచ్చినప్పుడు రాష్ట్రం మీద చూపిన ప్రేమను వర్ణించడానికి పత్రికల్లో వాడుకోవడం కోసమే దాన్ని భద్రపరిచి ఉంచాడు. ఇంట్లో మాత్రం మారుతల్లిని "పిన్ని" అంటాం. భార్య పోతే మరదలిని చేసుకునే కాలం నుంచి వచ్చిన మర్యాద కాబోలు. ఈ మర్యాద మా కొంప ఎలా ముంచబోయిందో చెబుతాను. పెద్దమ్మాయి జనన ధ్రువపత్రంలో పిల్ల పేరు గడి ఖాళీగా ఉంది. బారసాలకు ముందే పురపాలక కార్యాలయంలో పుట్టుక నమోదు చేయించి, పేరు ఎక్కించడం మరిచిన కుటుంబాలు మన దగ్గర కోకొల్లలు. ఆ లోటు పూడ్చడానికి పుట్టుక సంగతి తెలిసిన బంధువులిద్దరి చేత అఫిడవిట్లు రాయించారు. అందులో ఒక పెద్దమ్మగారు ఎంతో ఆప్యాయంగా "ప్రస్తుతం అమ్మాయి తన తండ్రి, పిన్నిల సంరక్షణలో సుఖంగా ఉన్నది" అని తెలుగులో రాశారు. ఇంగ్లీషులోకి మార్చిన పెద్దమనిషి, అనువాదం సంపూర్ణమనీ యథార్థమనీ కింద సంతకం చేసి మరీ, "పిన్ని"ని "ఆంటీ" చేశాడు. నిఘంటువు ప్రకారం అతని తప్పేమీ లేదు. కానీ ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే, బావగారు ఫారంలో భార్య అని రాసిన మనిషి అఫిడవిట్‌లో ఆయన కూతురికి పిన్నమ్మ అయి ఉండేది. పోస్టు చేసే ముందు రోజు రాత్రి అది నా కంటబడింది. ఆ క్షణం నుంచి నాకు ఆ ఇంట్లో కాఫీతో పాటు జంతికలు కూడా పెట్టడం మొదలుపెట్టారు.

తరువాతి ప్రశ్న, ఎన్నిసార్లు పెళ్ళయింది? రద్దయిన పెళ్ళిళ్ళతో పాటు, ఒకే వ్యక్తిని మళ్ళీ చేసుకున్న పెళ్ళిళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఫారం చెబుతుంది. ఈ వాక్యం రాసినవారు తెలుగువారిని ఎరిగినవారై ఉండాలి. మా చెల్లెలి మొదటి పెళ్ళి, వీసా కోసం ఆషాఢ మాసంలో రిజిస్ట్రారు ఆఫీసులో ఒకసారీ, ముహూర్తం కోసం శ్రావణంలో కల్యాణ మండపంలో ఒకసారీ, అదే వరుడితో జరిగింది. ఆషాఢంలో జరిగినదాన్ని మా వాళ్ళెవరూ పెళ్ళి అనలేదు, ఆ రోజు ఎవరూ భోజనం కూడా పెట్టలేదు. చట్టానికి మాత్రం అదే పెళ్ళి, అయిదు వందల మంది తిన్నది వేడుక. ఇప్పటి పెళ్ళి అన్నవరం కొండ మీద తెల్లవారుజామున రెండు గంటల నలభై నిమిషాలకు జరిగింది. శుభలేఖలో "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని ఉంది. మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఫారానికి అర్ధరాత్రి మారుతుంది. బావగారు ఆరేళ్ళుగా గురువారపు తేదీన కేకు కోస్తున్నారు. ధ్రువపత్రంలో శుక్రవారపు తేదీ ఉంది. ఫారంలో శుక్రవారమే రాశాం. దాన్ని కూడా నెల ముందు, రోజు తరువాత వేసే అమెరికా పద్ధతిలో రాయవలసి రావడం వల్ల కాసేపు అందరికీ తాము ఏ ఋతువులో పెళ్ళాడామన్న సందేహం కలిగింది.

విడాకులకైతే మూడు తేదీలు. మా చెల్లెలు సూట్‌కేసుతో పుట్టింటికి వచ్చిన రోజు మా బాబాయి లెక్క. పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద అయిదుగురి సంతకాలు పెట్టించిన రోజు ఊరి లెక్క. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద కుటుంబ న్యాయస్థానం డిక్రీ ఇచ్చిన రోజు ఒక్కటే ఫారం లెక్క. ఆ డిక్రీ తేదీ రెండో పెళ్ళి తేదీకి ముందు ఉండటం మీద ఇప్పటి పెళ్ళీ, ఆ పెళ్ళి మీద అబ్బాయి దరఖాస్తూ, పేకమేడలాగా ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. స్టాంపు కాగితాన్ని నమ్ముకుని వెంటనే ముహూర్తం పెట్టించుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుని బాబాయి వీడియో కాల్లోనే నీళ్ళు తాగారు. ఇకమీదట ద్వితీయ వివాహాలకు ముహూర్తం పెట్టే సిద్ధాంతులు తారాబలం, చంద్రబలంతో పాటు డిక్రీ తేదీనీ, పిల్లల పద్దెనిమిదో పుట్టినరోజునూ కూడా గుణించి చూడాలని ఈ సందర్భంగా సవినయంగా మనవి చేస్తున్నాను. గురుమౌఢ్యం పోయేదాకా ఆగుదామని అనుకునేలోగా పిల్లవాడికి పద్దెనిమిది నిండితే, ఏ శాంతి చేయించినా వాడు చట్టరీత్యా బిడ్డ కాలేడు.

మాజీ భర్త పుట్టిన తేదీ కూడా అడిగారు. మరిచిపోవడానికి మా చెల్లెలికి చాలా ఏళ్ళు పట్టిన తేదీ అది. "స్కూల్లో వేసిన తేదీయా, అసలుదా?" అని మాత్రం అడిగింది. రెండూ గుర్తున్నాయన్నమాట.

ఇతర పేర్లు, ముద్దుపేర్లు ఏవైనా ఉంటే రాయమన్న చోట మరో చర్చ జరిగింది. రెండు ఇళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలకూ ముద్దుపేరు "బుజ్జి". ఒకే కప్పు కిందికి వచ్చాక పెద్ద బుజ్జి, చిన్న బుజ్జి అయ్యారు. ఇద్దరు దరఖాస్తుదారులు ఒకే మారుపేరుతో ఒకే చిరునామాలో నివసిస్తున్నారని స్వహస్తాలతో రాసివ్వడం శ్రేయస్కరమా అని బావగారు గంభీరంగా అడిగారు. అమెరికాలో బహుభార్యత్వం పాటించే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆయన మరింత గంభీరులయ్యారు. ఎదురు గోడ మీద దండ వేసిన మొదటి భార్య ఫొటో ఉంది. రోజూ దాని ముందు దీపం పెట్టేది మా చెల్లెలే. బావగారు ఆ ఫొటోను ఒకసారి, వంటింట్లోని మనిషిని ఒకసారి చూసి, "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టారు.

అబ్బాయి ఫారం ఆఖరున నింపాం. పద్నాలుగేళ్ళు నిండలేదు కనుక సంతకం తల్లి పెట్టవచ్చు. తల్లిదండ్రులతో పాటు పంపితే రుసుము కూడా 950 డాలర్లే, మిగిలిన ముగ్గురికీ తలా 1,440. టైపు చేస్తానని వాడే కూర్చున్నాడు. తండ్రి పేరు గడి దగ్గరికి రాగానే ఎవరినీ అడగకుండా బావగారి పేరు కొట్టాడు. గదిలో మిక్సీ ఆగింది. ఆ గడి పేరెంట్ టీచర్ మీటింగుకు వచ్చేవారి గురించి కాదనీ, జనన ధ్రువపత్రంలో ఉన్నవారి గురించనీ నేను వీలైనంత మెల్లగా చెప్పాను. వాడు ఒక్కొక్క అక్షరమే చెరిపి, పాస్‌పోర్టు చివరి పేజీ చూసి, తాను ఫోనులో కూడా విని చాలా కాలమైన పేరును తప్పుల్లేకుండా కొట్టాడు. తరువాత, "మరి నాన్నని ఎక్కడ రాయాలి?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు ఉంది. మొదటి పేజీల్లోనే, ఈ దరఖాస్తుకు ఆధారమైన ప్రధాన దరఖాస్తుదారు ఎవరు అని అడిగే భాగం ఉంటుంది. తండ్రి గడిలో ఉన్న పేరు వల్ల ఆ పిల్లవాడికి అమెరికా ప్రభుత్వం ఏమీ ఇవ్వదు, ఇచ్చేదంతా ఈ భాగంలో రాసిన పేరును బట్టే. మన బంధువులు ఎన్ని పెళ్ళిళ్ళలో కలిసినా "వీడు మీ సొంత అబ్బాయేనా?" అని అడగకుండా ఉండలేరు. ఫారం ఒకేసారి అడుగుతుంది, జవాబు రాసుకుంటుంది, ఆపైన ఇద్దరు బుజ్జిలకూ ఒకే రకం కార్డు ఇస్తుంది. అందుకని దాన్ని తిట్టేవాళ్ళతో నేను ఇకపై గొంతు కలపదలచుకోలేదు. వాడు ఆ భాగం వెతికి, అక్కడ ఇందాక చెరిపిన పేరునే మళ్ళీ కొట్టాడు.

చివరి పేజీ అదనపు వివరణల కోసం. ఏ పేజీ, ఏ భాగం, ఏ ప్రశ్న అని అంకెలు వేసి రాయాలి. ఆషాఢం, అన్నవరం, పేరు లేని జనన ధ్రువపత్రం, పిన్ని, అన్నీ అందులోకే చేరి, చోటు చాలక మరో మూడు కాగితాలు జతపరిచాం. నాలుగు ఫారాలూ దొంతరగా పెట్టి, సంతకాలకు నల్ల సిరా పెన్ను తీసేసరికి రాత్రి పదకొండయింది.

అప్పుడు అబ్బాయి బావగారి ఫారం తీసుకుని మొదటి నుంచి సరిచూడటం మొదలుపెట్టాడు. ఎత్తు సరిపోయింది, బరువు దగ్గర కాస్త నవ్వాడు. జుట్టు రంగు అన్న చోట ఆగాడు. అక్కడ నలుపు, తెలుపు, గోధుమ వగైరాలతో పాటు బట్టతలకు కూడా ప్రత్యేకంగా ఒక గడి ఉంది. బావగారు "నలుపు" మీద టిక్కు పెట్టి ఉన్నారు. వాడు కాగితాన్ని వెనక్కి తిప్పి, సంతకం పైన ఉన్న హెచ్చరికను వేలితో చూపిస్తూ, "నాన్నా, ఇది అబద్ధ ప్రమాణం అవుతుంది" అన్నాడు.