ఈ నటుడు మనకు పనికిరాడు

సినిమా నటుడికి ఉండవలసిన మొదటి లక్షణం ముఖం. అది తెరమీద కనబడగానే నేల టిక్కెట్టు ప్రేక్షకుడికి కూడా మనిషెవరో తెలిసిపోవాలి. రిక్షావాడి వేషమైనా రారాజు వేషమైనా లోపల ఉన్నది ఫలానా వారేనని గుర్తుపట్టి కాగితం ముక్కలు ఎగరేయడానికి వీలుండాలి. ఇంత చిన్న మర్యాద కూడా పాటించకుండా అరవై ఏళ్లకు పైగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ పారితోషికం పుచ్చుకున్న పెద్దమనిషి ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు. పేరు సర్ అలెక్ గిన్నిస్. 1914లో పుట్టాడు, 2000లో పోయాడు. పోయినవారి మీద ఇప్పుడెందుకీ తవ్వకం అంటారేమో. ఆయన పాత సినిమాలు ఈ కాలపు పిల్లలు ఫోన్లలో చూసి నటనంటే ఇదేనని పొరబడే ప్రమాదం ఉంది. ముందుగా హెచ్చరించడం నా విధి.

ముఖం తరవాత చూడవలసింది వంశం. ఇక్కడా నిరాశే. ఆయన జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీ. పద్నాలుగేళ్లు వచ్చేసరికి తనకు మూడు పేర్లు మారాయని, తల్లితో కలిసి సుమారు ముప్ఫై హోటళ్లూ అద్దె గదులూ తిరిగానని స్వీయచరిత్రలో ఆయనే రాసుకున్నాడు. తాత ఎవరో, సొంత ఊరేదో తేలని మనిషికి అభిమాన సంఘం ఎలా పెడతారు? ఫ్లెక్సీలో పై వరసన ఎవరి ఫొటోలు వేస్తారు? ఆడియో వేడుకలో ఎవరి ఆశీస్సులు తలచుకుని కంటతడి పెట్టుకుంటారు? ఈ ప్రాథమిక ప్రశ్నలకు బ్రిటిష్ చలనచిత్ర పరిశ్రమ ఈనాటికీ జవాబు చెప్పలేదు.

నిజానికి ఆయనను ఆపడానికి ఒక ప్రయత్నం జరిగింది. ప్రకటనల కంపెనీలో మాటలు రాసుకునే కుర్రాడు నటన నేర్చుకుంటానని మార్టిటా హంట్ అనే నటి దగ్గరికి వెళ్లాడు. కొన్ని పాఠాలు చెప్పి చూసి, నువ్వు నటుడివి కాలేవని ఆవిడ తేల్చేసింది. ఆ తీర్పును శిరసావహించి ఉంటే మనకీ బెడద ఉండేది కాదు. విన్లేదు. 1934లో జాన్ గీల్‌గుడ్ నడిపిన 'హామ్లెట్'లో ఆస్రిక్ అనే చిన్న వేషం సంపాదించాడు. 1938లో ఓల్డ్ విక్ నాటకశాలలో తనే హామ్లెట్ అయ్యాడు, అదీ రాజుల కాలం దుస్తులు లేకుండా, ఆ రోజుల్లో జనం వేసుకునే బట్టలతో. 1946లో దర్శకుడు డేవిడ్ లీన్ డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను సినిమాగా తీస్తే ఈయన కథానాయకుడి స్నేహితుడిగా నటించాడు. అందులోనే మిస్ హావిషామ్‌గా నటించింది ఎవరనుకున్నారు? మార్టిటా హంట్.

మధ్యలో యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరి 1943లో సిసిలీ తీరంలో సైనికులను దింపే ఓడకు అధికారిగా వెళ్లాడు. దాడిని గంటసేపు వాయిదా వేశారు. ఆ కబురు ఈయన ఓడకు చేరలేదు. అనుకున్న వేళకే ఒడ్డు చేరి కూర్చున్నాడు. తరవాత వచ్చిన పై అధికారి చీవాట్లు పెడితే, లండన్ వెస్ట్ ఎండ్‌లో ఎనిమిదింటికి తెర లేస్తుందని ప్రకటిస్తే ఎనిమిదింటికే లేస్తుందని, నౌకాదళం ఈ పద్ధతి నేర్చుకుంటే బాగుంటుందని జవాబిచ్చానని రాసుకున్నాడు. నటుడు చెప్పిన వేళకు రావడమే అనుమానించవలసిన విషయం. బాంబులు పడుతున్నచోటికి కూడా చెప్పిన వేళకు రావడం వృత్తిధర్మానికే కళంకం. ఏడు గంటల కాల్‌షీటుకు పదకొండు దాటాక దర్శనమిచ్చే సంప్రదాయాన్ని తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న వారికి ఇలాంటివి వింటే ఎంత మనస్తాపం కలుగుతుందో ఆలోచించండి.

ఇక అసలు నేరానికి వద్దాం. 1949లో ఈలింగ్ స్టూడియో వారు 'కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్' అనే సినిమా తీశారు. ప్రభువుల కుటుంబంలో తనకూ పదవికీ మధ్య ఉన్నవాళ్లందరినీ ఒకడు వరసగా చంపుకుంటూ పోతాడు. అందులో నాలుగు పాత్రలు ఇస్తామంటే, నాలుగే ఎందుకు, ఎనిమిదీ నేనే వేస్తానన్నాడట గిన్నిస్. వేశాడు. మతబోధకుడు, సైన్యాధిపతి, నౌకాధిపతి, బ్యాంకరు, చివరికి స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడే లేడీ అగాథా కూడా ఆయనే. నౌకాధిపతిగా మునిగిపోతున్న ఓడమీద నిలబడి సెల్యూట్ చేస్తూ నీళ్లలో కలిసిపోతాడు. అగాథాగా బెలూన్ ఎక్కి కరపత్రాలు చల్లుతూ ఉంటే కింద నుంచి ఒకడు బాణం వేసి కూలుస్తాడు.

బహుపాత్రాభినయం మనకు కొత్త కాదు. అక్కినేని 1966లో 'నవరాత్రి'లో తొమ్మిది పాత్రలు వేశారు. రామారావుగారు 1977లో 'దాన వీర శూర కర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే అయి, దర్శకత్వం కూడా వహించారు. అక్కడ ప్రేక్షకుడికి ఏ ఇబ్బందీ లేదు. కిరీటం మారుతుంది, ఈల మారదు. డబ్బు పెట్టి వచ్చినవాడికి ఒక్క టిక్కెట్టు మీద అభిమాన నటుడు మూడింతలో తొమ్మిదింతలో కనబడతాడు. గిన్నిస్ సినిమాలో తిరకాసు వేరు. ఎనిమిది వేషాలూ చూసి బయటికి వచ్చిన మనిషి, ఇంతకీ గిన్నిస్ ఏ పాత్ర వేశాడని పక్కవాణ్ణి అడిగే పరిస్థితి. టిక్కెట్టు కొన్నవాడికి ఎనిమిది సార్లు జరిగిన మోసమిది.

ఈ మాయమయ్యే విద్య ప్రతిసారీ సరదాగా ముగియలేదు. 1948లో 'ఆలివర్ ట్విస్ట్'లో పిల్లల చేత జేబులు కొట్టించే యూదు ముసలాడు ఫేగిన్ వేషం తనకే కావాలని పట్టుబట్టాడు. లీన్ ఒప్పుకోకపోతే పూర్తి మేకప్‌తో పరీక్షకు హాజరై కాదనలేకుండా చేశాడు. నవలకు పాతకాలపు చిత్రకారుడు గీసిన బొమ్మలోని ఆ పెద్ద ముక్కును ఉన్నదున్నట్టు దించేశారు. యూదులను హేళన చేయడానికి శతాబ్దాలుగా గీస్తూ వచ్చిన ముక్కే అది. నాజీల మారణకాండ ముగిసి అప్పటికి మూడేళ్లే. మరుసటి ఏడు బెర్లిన్‌లో ఆ సినిమా ప్రదర్శనను యూదులు అడ్డుకున్నారు. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అయినప్పుడు కూడా కొంత కత్తిరించే విడుదల చేశారు. నటుడు అద్భుతంగా చేశాడు కదా అని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. అద్భుతంగా చేయడమే అక్కడ వచ్చిన చిక్కు.

అయినా ఆ మేకప్ పెట్టె మూతపడలేదు. 1961లో జపాను వ్యాపారి. 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో అరబ్బు రాకుమారుడు ఫైసల్. 1965లో సోవియట్ సైన్యాధికారి. రోమన్ చక్రవర్తి, ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్, పోపు, హిట్లర్ వేషాలు కూడా ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. అప్పట్లో ఇంగ్లీషు సినిమా వారికి ప్రపంచంలోని జాతులన్నింటి మీదా అపారమైన దయ ఉండేది. అరబ్బు పాత్ర కోసం అరబ్బును, జపాను పాత్ర కోసం జపాను మనిషిని శ్రమపెట్టడం వారికి ఇష్టం లేదు. సూర్యుడస్తమించని సామ్రాజ్యం పోతే పోయింది, గోధుమరంగు డబ్బా మిగిలింది.

ఆ దయ చివరికి మన దాకా వచ్చింది. 1984లో లీన్ 'ఎ పాసేజ్ టు ఇండియా' తీశాడు. కొండల దృశ్యాలకు బెంగళూరు చుట్టుపక్కల రాళ్లగుట్టలు సరిపోయాయి. డాక్టరు అజీజ్ పాత్రకు విక్టర్ బెనర్జీ దొరికాడు. ప్రొఫెసర్ గోడ్బోలే అనే బ్రాహ్మణ పండితుడి పాత్రకు మాత్రం దాదాపు డెబ్భై కోట్ల జనాభాలో ఒక్కరూ పనికిరాలేదు. కళ్లు సగం మూసుకుని, అడిగిన ప్రశ్న ఒక్కదానికీ సూటిగా జవాబివ్వకుండా, కర్మ అని నిట్టూర్చే పెద్దాయన కావాలట. మన ఏ వీధి అరుగు మీద చూసినా ఇద్దరు కనిపించేవారు. లండన్ నుంచి డెబ్భయ్యో పడిలో పడుతున్న గిన్నిస్‌ను విమానంలో తెచ్చి, రంగు పూసి, తలపాగా చుట్టారు. పాపం, ఆయన శ్రద్ధగా నృత్యం కూడా నేర్చుకుని కెమెరా ముందు ఆడాడు. లీన్ దాన్ని ఎడిటింగ్ బల్ల మీద కత్తిరించి పారేశాడు. 1946 నుంచి ఆరు సినిమాలు కలిసి చేసిన ఇద్దరి మధ్య ఆ నృత్యం దగ్గర మాట పట్టింపు వచ్చింది. ఆ నాట్యాన్ని చూడని అదృష్టవంతులం మనం.

ఇంత తిట్టాక న్యాయం కోసం ఒక మాట ఒప్పుకోవాలి. రంగూ ముక్కూ లేనప్పుడే ఆ మనిషి మరీ ప్రమాదకారి. 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' చూడండి. సింహళంలో తీశారు. గిన్నిస్ వేసిన యుద్ధఖైదీ కర్నల్ నికల్సన్‌ను జపాను వారు ఎర్రటి ఎండలో రేకుల కొట్టులో పడేసి ఉంచుతారు. చాలా రోజుల తరవాత బయటికి తీసుకొస్తారు. అక్కడి నుంచి శత్రు అధికారి గది దాకా నాలుగడుగులు నడవాలి, అంతే. మోకాళ్లు లోపలికి వాలిపోతూ, పాదం ఎక్కడ పడుతుందో తనకే తెలియకుండా, నడుము పైభాగం మాత్రం కవాతులో ఉన్నట్టు నిటారుగా పెట్టుకుని నడుస్తాడు. పోలియో నుంచి కోలుకుంటున్న తన కొడుకు తడబడుతూ వేసిన అడుగులే ఆ నడకకు మూలమని తరవాత చెప్పాడు. మన లెక్క ప్రకారం నాయకుడు చెరసాల నుంచి వస్తున్నాడంటే గాలి దుమారం లేవాలి, కెమెరా చెప్పుల దగ్గర మొదలై మెల్లగా పైకి రావాలి, నలుగురు కాపలావాళ్లు నాలుగు దిక్కులకు ఎగిరిపడాలి. ఆయన మాత్రం పడిపోకుండా నడిచాడు, అంతే. దానికి ఆస్కార్ ఇచ్చారు. 1959లో సర్ బిరుదు కూడా ఇచ్చారు.

వేషానికీ జీవితానికీ మధ్య గోడ ఆయన దగ్గర చాలా పల్చన. 1954లో ఫాదర్ బ్రౌన్ అనే క్రైస్తవ మతగురువు పాత్ర కోసం ఫ్రాన్సులో ఉన్నప్పుడు, సాయంత్రం షూటింగ్ అయ్యాక ఆ అంగీతోనే బసకు నడిచి వెళుతున్నాడు. ఊరి పిల్లవాడొకడు నిజం ఫాదరే అనుకుని పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని, ఫ్రెంచిలో కబుర్లు చెబుతూ కొంత దూరం నడిచి వెళ్లిపోయాడు. ఆ నమ్మకం గిన్నిస్ మనసులో పాతుకుపోయింది. 1956లో క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు. మన దగ్గర రామారావుగారి కృష్ణుడి వేషం చూసి జనం భక్తులయ్యారు. తిరుపతి యాత్ర చేసుకున్నవారు మద్రాసులో ఆయన ఇంటి ముందు కూడా బారులు తీరేవారు, చివరికి 1983లో ముఖ్యమంత్రిని చేశారు. అక్కడ వేషం వేసుకున్నవాడే భక్తుడయ్యాడు. రాజు, చక్రవర్తి, ప్రధానమంత్రి, పోపు వేషాలన్నీ వేసి కూడా కనీసం పురపాలక ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన రాని మనిషిని ఏమనాలి?

1979లో బీబీసీ వారి ధారావాహికలో గూఢచారి స్మైలీగా నటించవలసి వచ్చింది. దానికి ముందు నిజం గూఢచారిని చూడాలని అడిగితే, నవల రాసిన జాన్ లె కారే బ్రిటిష్ గూఢచారి సంస్థ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం ఏర్పాటు చేశాడు. గిన్నిస్ వినవలసిన రహస్యాలు విన్లేదు. ఓల్డ్‌ఫీల్డ్ చొక్కా మణికట్టు గుండీలు చూశాడు, నడక చూశాడు. మద్యం గ్లాసు అంచు మీద వేలు గుండ్రంగా తిప్పడం చూసి, విషం ఆనవాళ్లు వెతుకుతున్నాడా అని తరవాత లె కారేను అడిగాడట. ఒక హోటల్లో కోటు తీసుకునే ఉద్యోగి తన పేరు అడగకపోతే, గుర్తుపట్టాడు కాబోలని ఈయన మురిసిపోయిన కథ కూడా ప్రచారంలో ఉంది. వెళ్లేటప్పుడు జేబులో దొరికిన చీటీ మీద 'బట్టతల, కళ్లద్దాలు' అని ఉందట.

ఇంత పకడ్బందీగా దాక్కున్న మనిషిని చివరికి ఒక ముసుగు అంగీ పట్టించింది. 1976లో 'స్టార్ వార్స్' అనే అంతరిక్ష సాహస సినిమా చిత్రీకరణ సమయంలో, గులాబీ రంగు కాగితాల మీద రోజు విడిచి రోజు కొత్త చెత్త సంభాషణలు వస్తున్నాయని స్నేహితురాలికి ఉత్తరం రాశాడు. తన పాత్రను మధ్యలో చంపేయమని తనే సలహా ఇచ్చానని తరవాత చెప్పుకున్నాడు. చంపారు. ఆ తరవాతి రెండు భాగాల్లో ఆత్మగా వచ్చి మళ్లీ అవే మాటలు చెప్పవలసి వచ్చింది. అయితే దర్శకుడికి వచ్చే వాటాలో రెండుంపావు శాతం ఆయనది. షేక్‌స్పియర్ నాటకాలన్నీ కలిపి ఇవ్వనంత డబ్బు అంతరిక్షంలో కత్తి తిప్పితే వచ్చింది. ప్రపంచమంతా మొదటిసారి ఆయన ముఖం గుర్తుపట్టింది. కట్టకట్టి వచ్చే అభిమానుల ఉత్తరాలంటే ఒళ్లు మంట.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకసారి పన్నెండేళ్ల పిల్లవాడు వచ్చి, ఆ సినిమా వంద సార్లకు పైగా చూశానని గర్వంగా చెప్పాడు. ఇక ఎప్పుడూ చూడనని మాటివ్వమన్నాడు గిన్నిస్. పిల్లవాడు భోరుమన్నాడు. పసివాడితో అనవలసిన మాటేనా ఇది అని తల్లి మండిపడి వాణ్ణి లాక్కుపోయింది. ఈ సంగతి 1999లో అచ్చయిన పుస్తకంలో ఆయనే, పెద్దగా పశ్చాత్తాపం లేకుండానే రాసుకున్నాడు. నేను ఆ తల్లి పక్షం. సినిమా వందసార్లు చూసిన అభిమానికి మన దగ్గర సన్మానం చేసి, శాలువా కప్పి, పత్రికల్లో ఫొటో వేయిస్తారు. రెండుంపావు శాతం వాటా చేతిలో పెట్టుకుని, నూటొకటో టిక్కెట్టు కొనవద్దని బతిమాలిన నటుణ్ణి ఏ నిర్మాతల మండలి క్షమిస్తుంది?