మూడో రోజు వచ్చిన సీసా

ఈ ఉదయం మా ఊరి తీరానికి ఒక ఉద్యోగి వచ్చి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పరీక్షకని సీసా నింపుకొని వెళ్లిపోయారు. వలల దగ్గర నీటి రంగు మారిందని మా బాబాయి ఫోన్ చేసి అప్పటికి మూడు రోజులైంది. "ఇప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయి కదండీ" అని ఆ ఉద్యోగి అన్న మాటకు నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

సముద్రం చెరువు కాదు. విశాఖకు దక్షిణాన ఉన్న మా తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఈశాన్యానికి సాగుతుంది, అక్టోబరు వచ్చేసరికి నైరుతికి తిరుగుతుంది. సముద్రంలోకి వేసిన పైపు చివర వదిలిన వ్యర్థజలం, సముద్రపు నీటికన్నా ఉప్పు తక్కువైతే, పైకి తేలి ఆ ప్రవాహంతో చారలా కొట్టుకుపోతుంది. సోమవారం వలల మీదుగా పోయిన చార గురువారం ఒడ్డున సీసాలోకి ఎలా వస్తుంది?

ఆ చార వెంట పోవలసింది మనిషి లేకుండా నడిచే రోబో పడవ. అలల ఊపుతో కదులుతూ, సౌరఫలకాలతో పరికరాలు నడుపుకొంటూ నెలల తరబడి సముద్రంలో ఉండగల పడవలు పదేళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి. అవి ఉప్పదనం, మడ్డి, కరిగిన ఆక్సిజన్, నూనె జాడ కొలుస్తూ చార హద్దులు గీయగలవు. ఏ రసాయనమో తేల్చడానికి ప్రయోగశాల కావలసిందే, కానీ నమూనా ఎక్కడ, ఎప్పుడు తీయాలో చెప్పేది ఆ పడవే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే వేదిక ప్రమాదానికి గురైనప్పుడు, పైనుంచి ఎవరికీ కనబడని హైడ్రోకార్బన్ల (చమురులో ఉండే రసాయనాల) చారను సుమారు 1,100 మీటర్ల లోతున, 35 కిలోమీటర్ల పొడవునా వెంబడించింది సెంట్రీ అనే రోబో జలాంతర్గామి.

మనకు చేతకాని పనా ఇది? గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 'మాయ' అనే రోబో జలాంతర్గామిని ఎప్పుడో తయారుచేసింది. చేపలు ఎక్కడ దొరకవచ్చో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ జాలర్లకు ముందే తెలియజేస్తోంది. చేప జాడ చెప్పగలిగినవాళ్లం విషం జాడ చెప్పలేమా?

2017 జనవరి 28న చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్న తరువాత, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నల్లటి నూనెను జాలర్లు, విద్యార్థులు బకెట్లతో ఎత్తిపోశారు. ఆ ఫొటోలు చూసిన కోపం నాలో నేటికీ చల్లారలేదు. అప్పుడు బకెట్, ఇప్పుడు సీసా.

పైపు చివర ఒక్క రోబో పడవను తిప్పండి, దాని కొలతలను ఏ రోజుకారోజు మా గ్రామ సచివాలయం గోడ మీద అంటించండి. అంతవరకు ఆగలేక, ఈ రాత్రి వేటకు వెళ్తూ మా బాబాయి తెప్పలో రెండు ఖాళీ సీసాలు పెట్టుకున్నారు.