కాలిక్యులేటర్ టూల్‌కి డాక్యుమెంటేషన్ కావాల్సిందే

“కాలిక్యులేటర్‌కి కూడా డాక్యుమెంటేషనా?” అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ మధ్య ఆఫీసు గ్రూపులో, కాలేజీ బ్యాచ్ గ్రూపులో, ఎక్కడ చూసినా తిరుగుతోంది. పంపేవాళ్ళలో చాలామంది ఏఐ ఏజెంట్లకు, అంటే చెప్పిన పనిని సొంతంగా చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాములకు, టూల్స్ రాసేవాళ్ళే. టూల్ అంటే ఏజెంట్ లోపలి ఏఐ మోడల్ అవసరమైనప్పుడు పిలిచే చిన్న ప్రోగ్రాం; దాన్ని ఎలా వాడాలో మోడల్‌కి చెప్పే వివరణే ఇక్కడ డాక్యుమెంటేషన్. నాకు కోపం వచ్చేది అందుకే. అందులో ఐదు మాటలున్నాయి: టూల్ పేరు బాగుంటే వివరణ అక్కర్లేదు, లెక్కలు ఎక్కడైనా ఒకటే కాబట్టి మోడల్‌కి చెప్పాల్సిందేమీ లేదు, వివరణ పెరిగితే టోకెన్లు (మోడల్ చదివే, ఖర్చు లెక్కకట్టే మాటల ముక్కలు) దండగ, ఎర్రర్ల గురించి రాయకపోయినా మోడలే సర్దుకుంటుంది, రాసింది బాగుందో లేదో ఇంకో మోడల్‌తో పదికి మార్కులు వేయిస్తే చాలు.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం. ‘క్యాలిక్యులేట్’ అన్న పేరు చూసి అది 2+3 లాంటి మొత్తం ఎక్స్‌ప్రెషన్ తీసుకుంటుందో, రెండు సంఖ్యలూ ఒక గుర్తూ విడివిడిగా తీసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. స్కీమాలో, అంటే టూల్‌కి ఏ రకం డేటా పంపాలో చెప్పే చోట, ‘స్ట్రింగ్’ (అక్షరాల వరుస) అని ఉన్నా, ఆ స్ట్రింగ్‌లో ఏం రాయొచ్చో తెలియదు. ఆ మాట అక్కడితో సరి.

అసలు ప్రమాదం రెండో మాటలో ఉంది. లెక్కలు ఒకటే, నిజమే. లెక్క చేసే ప్రోగ్రాములు ఒకటి కావు. 2^10 అని ఎక్సెల్‌లో కొడితే 1024 వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొడితే 8 వస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ గుర్తు ఘాతానికి కాదు, బిట్లను పోల్చే ఎక్స్‌ఓఆర్‌కి. -2^2 అంటే ఎక్సెల్ 4 అంటుంది, గణితం పుస్తకం -4 అంటుంది. 100కి లాగ్ (లాగరిథమ్) అడిగితే ఎక్సెల్ 10 ఆధారంగా 2 ఇస్తుంది, పైథాన్ సహజ లాగ్ తీసి 4.605 ఇస్తుంది. -7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, మరో ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో -1. 2.5ని రౌండ్ చేస్తే జావాస్క్రిప్ట్‌లో 3, పైథాన్‌లో 2. పైథాన్ తప్పు చేయడం లేదు. సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు వెళ్ళడం కూడా ఒప్పుకున్న పద్ధతే. కానీ బిల్లు వేసేవాడికి కావాల్సింది ఏ పద్ధతి? మీ టూల్ వాడేది ఏది? మోడల్‌కి మీ కోడ్ కనబడదు. కనబడేది మీరు రాసిన వివరణ ఒక్కటే. అందులో ఈ ముక్క లేకపోతే అది ఊహిస్తుంది, ఊహించినట్టు మనకు చెప్పను కూడా చెప్పదు.

ఇక మన కామాల సంగతి. లక్షా యాభై వేలని మనం 1,50,000 అని రాస్తాం. యూజర్ అలాగే టైప్ చేస్తాడు, మోడల్ అలాగే టూల్‌కి పంపుతుంది. టూల్ లోపల అక్షరాలను సంఖ్యగా మార్చే జావాస్క్రిప్ట్ పార్స్‌ఫ్లోట్ ఉంటే, అది మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అని తీసుకుంటుంది. ఎర్రర్ రాదు. 18 శాతం జీఎస్టీ 27,000 రూపాయలు రావాల్సిన చోట 18 పైసలు వస్తుంది. జవాబు అంత చిన్నగా ఉంటే మోడల్ అనుమానపడొచ్చేమో. కానీ పది ఇన్‌వాయిస్‌ల మొత్తంలో ఒక్కదానికే ఇలా జరిగితే? అందులో కలిసిపోతుంది, ఎవరూ పట్టుకోలేరు. ‘కామాలు లేకుండా అంకెలే పంపాలి’ అన్న ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించి, దానికి ‘సింపుల్ డిజైన్’ అని పేరు పెట్టుకుంటున్నారు.

ఎర్రర్ల మాట కూడా దీని తమ్ముడే. 1ని సున్నాతో భాగిస్తే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జావాస్క్రిప్ట్ ‘ఇన్ఫినిటీ’ అంటుంది, దాన్ని జేసన్‌గా (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపం) మారిస్తే ‘నల్’, అంటే ఖాళీ విలువ, అయిపోతుంది. ఏజెంట్ చేతికి వచ్చేది ఆ నల్. అది సున్నానా, డేటా లేదనా, టూల్ చెడిపోయిందనా? “మోడలే సర్దుకుంటుంది” అట. సర్దుకోవడానికి ఇదేమైనా బస్సులో సీటా? ఏం జరిగిందో, మళ్ళీ ఎలా అడగాలో ఎర్రర్ మెసేజ్‌లో రాయాలి. అది కూడా డాక్యుమెంటేషనే, పైగా మోడల్‌కి అవసరమైన క్షణంలో అందేది.

టోకెన్ల విషయంలో మాత్రం ఆ మెసేజ్ చెప్పింది నిజం. టూల్ వివరణలు మోడల్‌కి వెళ్ళే ప్రతి కాల్‌లోనూ వెళ్తాయి. టూల్స్ ఎక్కువైనకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఏ టూల్ ఎంచుకోవాలో కూడా మోడల్‌కి కష్టమవుతుంది. ‘కూడిక అంటే రెండు సంఖ్యలను కలపడం’ లాంటి వాక్యాలు ఉంటే కొట్టిపారేయండి, నేనూ మీ పక్షమే. మోడల్‌కి తెలిసింది రాయొద్దు. మీ టూల్‌కి మాత్రమే తెలిసింది రాయండి: ఒకే ఎక్స్‌ప్రెషన్ పంపాలి, కామాలు వద్దు, ఘాతానికి రెండు నక్షత్రాలు, కోణాలు రేడియన్లలో, 18 శాతాన్ని 0.18గా రాయాలి, సున్నాతో భాగిస్తే ఎర్రర్. ఇంతే. రెండు మూడు లైన్లు దాటదు.

ఆఖరిది, మార్కులు. ఇంకో మోడల్ వివరణను చదివి భాష బాగుందా, పొందికగా ఉందా అనే చెప్పగలదు. కోణాలు డిగ్రీలలో అని మీరు చక్కగా రాసి, కోడ్ రేడియన్లు తీసుకుంటుంటే దానికెలా తెలుస్తుంది? పదికి పది వేస్తుంది. 30 డిగ్రీల సైన్ 0.5 కావాల్సింది, మీ ఏజెంట్ -0.988 తెచ్చి ఇస్తుంది. 1999లో నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక పోయింది కూడా రాయకపోవడం వల్ల కాదు. థ్రస్టర్ల తోపు లెక్కను న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ పత్రంలో ఉంది, సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చింది. కాబట్టి రాస్తే సరిపోతుందని నేనూ అనను. రాసిందీ టూల్ చేసేదీ ఒకటేనా అని నడిపి చూడాలి. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు ఏజెంట్‌కి ఇచ్చి, టూల్‌ని ఎలా పిలిచిందో లాగ్‌లో, అంటే జరిగినవి నమోదయ్యే ఫైల్‌లో, చూడాలి. టూల్ అవసరమే లేని ప్రశ్నలు కూడా కలపాలి. వివరణలో ఒక్కో లైన్ తీసేసి మళ్ళీ నడిపితే ఏ లైన్ పనిచేస్తోందో, ఏది దండగో తేలిపోతుంది. టోకెన్లు మిగిల్చే సరైన దారి కూడా అదే.

గ్రూపులో వచ్చిన ఆ మెసేజ్ ఇంకొకరికి పంపేముందు ఒక పని చేయండి. 2^10, -7ని 3తో భాగిస్తే శేషం, 2.5 రౌండ్, 1,50,000లో 18 శాతం, 1/0. ఈ ఐదింటికీ మీ టూల్ ఏమిస్తుందో, కోడ్ తెరవకుండా, మీరు రాసిన వివరణ మాత్రమే చదివి మీ టీమ్‌లో ఇంకొకరిని చెప్పమనండి.