పాడమని పిలిచి, పాడితే వినరా?

ఇప్పుడే ఒక లైవ్ షో నుంచి వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ‘ఈ సంగీతం మీ చేతుల్లోనే’ అని టికెట్ మీద ఇంతింత అక్షరాలతో వేశారు. లోపలికెళ్లగానే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు, ఫోన్లో నాలుగు రంగుల బటన్లు, ఎక్కువమంది ఏది నొక్కితే పాట అటు మళ్లుతుందట. నేనూ పక్కసీటావిడా ఎర్రది నొక్కీ నొక్కీ చివరికి మానేశాం, మా వరుస వరుసంతా ఫోన్లు జేబుల్లో పెట్టేసింది, అయినా పాట ఇసుమంత కూడా మారలేదు. తెర మీద రంగులు మారాయంతే.

2001లో గోలన్ లెవిన్ అనే అమెరికన్ కళాకారుడి బృందం ప్రేక్షకుల ఫోన్ల రింగ్‌టోన్లతోనే కచేరీ చేసింది, ఎవరు ఏ సీట్లో ఉన్నారో ముందే రాసుకుని మరీ వాళ్ల ఫోన్లు మోగించారు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు సంగతి! అమెరికన్ గాయకుడు బాబీ మెక్‌ఫెరిన్‌కైతే ఫోన్లూ అక్కర్లేదు. 2009లో ఒక సైన్స్ వేదిక మీద అటూ ఇటూ గెంతుతూ, ఒక్కో చోటికి ఒక్కో స్వరం చొప్పున రెండు స్వరాలు నేర్పాడు, మూడో చోటికి గెంతగానే జనమే తర్వాతి స్వరం అందుకున్నారు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇక్కడేమో చప్పట్లు కొట్టమని, కొడితే ‘తాళం తప్పుతున్నారు’ అని విసుక్కున్నాడు ఆ గాయకుడు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది కదా, 34 మీటర్ల వెనక కూర్చున్నవాళ్లకి డ్రమ్ము వినపడేసరికే సెకనులో పదోవంతు ఆలస్యం, వాళ్ల చప్పట్లు స్టేజీకి చేరడానికి ఇంకో పదోవంతు. అందులో మా తప్పేముంది? అమెరికన్ గాయకుడు, పియానిస్టు హ్యారీ కానిక్ జూనియర్ కచేరీలో జనం వేరే బీట్ మీద కొడుతుంటే, ఆయన పియానో మీద ఒక్క బీట్ అదనంగా కలిపి వాళ్ల చప్పట్లే సరైన చోట పడేలా చేశాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

ఆ ‘తాళం తప్పుతున్నారు’ అన్న మాట దగ్గరే నాకు ప్రాణం చివుక్కుమంది. ఐదో తరగతిలో బృందగానానికి నన్ను వెనక వరుసలో నిలబెట్టి, ‘నువ్వు ఊరికే పెదాలు కదుపు, గొంతు బయటికి రానీకు’ అంది మా పాటల టీచర్. అమ్మ ముందు కూర్చుని, నేను పాడుతున్నాననుకుని మురిసిపోయింది. అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. పదిమందిలో పాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పెగలదు.

ఇవాళ ‘అందరూ పాడండి’ అంటే, నమ్మి, నోరు తెరిచి పాడాను. మేం ఎత్తుకునేలోపే స్పీకర్లలో ఎప్పుడో రికార్డు చేసిన జనం గొంతులు హోరెత్తాయి. పక్కసీటావిడ మాత్రం నా వైపు వంగి, ‘మీరు బాగా పాడుతున్నారండీ’ అంది. ఆ హాల్లో నా గొంతు విన్నది ఆవిడ ఒక్కతే.