ఆకుసారంతో నానోకణాలు: మొక్క పేరు మారితే పరిశోధన కొత్తదవుతుందా?

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేపాకు కషాయం కలిపి కొంతసేపు ఉంచితే, రంగులేని ద్రావణం పసుపుపచ్చగా మారి క్రమంగా ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకులోని పాలీఫినాళ్లు, ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు, చక్కెరలు వెండి అయాన్లకు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులకు) ఎలక్ట్రాన్లనిచ్చి వాటిని లోహపు పరమాణువులుగా మారుస్తాయి. ఆ పరమాణువులు గుమిగూడి నానోకణాలవుతాయి, అంటే మీటరులో వంద కోట్లవ వంతైన నానోమీటర్లలో కొలిచే అతిసూక్ష్మ కణాలు. అదే ఆకులోని ప్రోటీన్లు, ఇతర కర్బన పదార్థాలు వాటి మీద పొరగా పేరుకుని, కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి. 400-450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతిని ద్రావణం బలంగా శోషించుకోవడం కణాలు ఏర్పడ్డాయనడానికి తొలి ఆనవాలు. పెద్ద పరికరాలు లేని డిగ్రీ కళాశాలలో కూడా ఇంతవరకు చేయవచ్చు. ఆకుసారంతో నానోకణాలు చేసే ఈ రంగం ఇంతగా విస్తరించడానికి కారణం ఆ సులువే. ఉన్నచోటే తిరుగుతుండటానికి కూడా చాలావరకు అదే కారణమని నా అభిప్రాయం.

తొలినాళ్ల పరిశోధనల్లో అసలైన ప్రశ్న ఉండేది. అమెరికాలో అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్కలు తమలోకి పీల్చుకున్న బంగారాన్ని, వెండిని నానోకణాలుగా మారుస్తాయని 2002-03లో తేలింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల బృందం 2004లో నిమ్మగడ్డి సారంతో బల్లపరుపు త్రిభుజాకార బంగారు కణాలను రాబట్టింది. మొక్కలోని రసాయనాలు కణం ఆకారాన్ని కూడా నిర్ణయించగలవని ఆ పని చూపింది. ఆ తర్వాత క్రమంగా ‘ఎలా జరుగుతోంది’ అన్న ప్రశ్న వెనక్కిపోయి, ‘ఇంకా ఏ మొక్క మిగిలింది’ అన్నది ముందుకొచ్చింది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు 2011లో కొండగుగ్గిలం, జాలారి చెట్ల బెరడుతో వెండి కణాలు చేశారు. స్థానిక వృక్షసంపదను ఎరిగిన విభాగం ఆ రోజుల్లో ఆ పని చేయడంలో అర్థముంది. కానీ శేషాచలానికీ చుట్టుపక్కల కొండలకీ పరిమితమైన అరుదైన చెట్ల బెరడు వలిచి, పెరటి వేప చేయగల పనినే చేయించడాన్ని ఇవాళ ‘హరిత’ (పర్యావరణహిత) మార్గం అనడానికి నాకు మనసొప్పదు.

ఆ ‘హరిత’ విశేషణాన్ని కూడా కాస్త నిలిపి చూడాలి. సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి ప్రమాదకర క్షయకరణులు (అయాన్లకు ఎలక్ట్రాన్లనిచ్చే రసాయనాలు) తప్పుతాయన్నది నిజమే. అయితే బంగారు కణాల తయారీకి 1951లోనే టర్కెవిచ్ బృందం వాడిన సోడియం సిట్రేట్ విషం కాదు. ఆకుసారాన్ని పోల్చవలసింది దానితో. ముడిసరుకైన సిల్వర్ నైట్రేట్ కూడా ఘాటైన నైట్రిక్ ఆమ్లంలో వెండిని కరిగించగా వచ్చేదే. జింక్ ఆక్సైడ్ కణాల విషయంలోనైతే చాలాసార్లు ఆకుసారం కలిపిన మిశ్రమాన్ని నాలుగైదు వందల డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. అంత వేడిలో ఆకు పదార్థం చాలావరకు మండిపోతుంది, పేరులో మాత్రం మిగులుతుంది.

వైద్య ఉపయోగాల దగ్గరకొస్తే చిక్కు ఇంకా పెద్దది. అగార్ (బ్యాక్టీరియాను పెంచే జిగురు మాధ్యమం) పలక మీద కణాల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనబడగానే ‘అద్భుత యాంటీబయాటిక్’ అని రాసేస్తారు. ఆ బ్యాక్టీరియాను చంపింది ఎవరు? కణమా, దాని నుంచి ఊరే వెండి అయానా, చర్య జరగకుండా మిగిలిపోయిన సిల్వర్ నైట్రేటా, ఆకులోని పదార్థమా? వెండి అయాన్లు బ్యాక్టీరియా జీవకణపు పైపొరను దెబ్బతీస్తాయనీ, ఎంజైముల్లోని గంధకపు సమూహాలకు అతుక్కుంటాయనీ ఎప్పటినుంచో తెలుసు. కణాలను వేరుచేశాక మిగిలిన ద్రవాన్ని, ఆకుసారాన్ని, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేటును విడివిడిగా పరీక్షించకపోతే వలయం ఏమీ చెప్పదు. దాని వెడల్పు కూడా పదార్థం అగార్‌లో ఎంత దూరం వ్యాపించిందన్న దాని మీద ఆధారపడుతుంది. పెద్ద కణం మెల్లగా కదులుతుంది, అయాన్ వేగంగా వెళ్తుంది. పైగా మొక్కల సారంలో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి వెండి కణాలతోపాటు సిల్వర్ క్లోరైడూ ఏర్పడవచ్చు. స్ఫటిక పదార్థాలను గుర్తించే ఎక్స్-కిరణ వివర్తన పటంలో దాని అదనపు శిఖరాలు కనబడినప్పుడు ‘కర్బన పదార్థాల వల్ల’ అని ఒక్క వాక్యంతో దాటేసే అలవాటు ఈ రంగంలో మామూలైపోయింది.

మందుగా మారాలంటే ఈ రోజు చేసినదీ ఆర్నెల్ల తర్వాత చేసినదీ ఒకటే కావాలి. వేసవి ఆకు, వానాకాలపు ఆకు, లేత ఆకు, ముదురాకు రసాయనికంగా ఒకటి కావు. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2019లో వెలువరించిన నానో ఔషధాల మూల్యాంకన మార్గదర్శకాలు కూడా కణాల పరిమాణం, ఉపరితల ధర్మాలు, స్థిరత్వం మీద నిలకడైన సమాచారం అడుగుతాయి. ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు వాడే నానో వెండి పట్టీల్లో పేరున్న రకం భౌతిక పద్ధతిలో లోహాన్ని పొరగా నిక్షేపించి చేసేదే, ఆకుసారంతో కాదు. వెండి నిరపాయమనీ అనుకోకూడదు. వెండి ద్రావణాలను ఎక్కువకాలం తాగినవారి చర్మం శాశ్వతంగా నీలి బూడిదరంగుకు మారవచ్చు. 1975లో బోస్టన్‌లోని ఒక కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేటుకు లొంగని సాల్మొనెల్లా బయటపడింది; ఆ నిరోధకతనిచ్చే జన్యువులను తర్వాత గుర్తించారు.

మన విశ్వవిద్యాలయాలు చేయగల పని ఇక్కడే ఉంది. ఒక్క వేపనే తీసుకుని, ఏ నెలలో ఏ చెట్టు నుంచి కోశారో నమోదు చేసి, సారంలోని పదార్థాలను వేరుచేసి, ఏది క్షయకరణం చేస్తోంది, ఏది పొరగా నిలుస్తోంది అని తేల్చి, అదే కణాన్ని మరో ఊరి ప్రయోగశాలలో మళ్లీ చేయించి చూడటం ఒక పీహెచ్‌డీ కాలంలో అయ్యే పనే. అలాంటి సిద్ధాంత గ్రంథం శీర్షికలో కొత్త మొక్క పేరుండదు. పరీక్షకులు అందువల్ల దానికి మార్కులు తగ్గించకూడదు.