అమ్మాయిల ఐస్ హాకీ: కింది డివిజన్లను చూసి నవ్వేవాళ్లకి

2008 సెప్టెంబరు 6న లాత్వియాలోని లియెపాయాలో ఒక ఐస్ హాకీ మ్యాచ్ జరిగింది. వాంకూవర్ వింటర్ ఒలింపిక్స్‌కి మహిళల అర్హత పోటీల్లో తొలి దశ అది. స్కోరు: స్లొవేకియా 82, బల్గేరియా 0. అచ్చుతప్పు కాదు, ఎనభై రెండే. అరవై నిమిషాల ఆటలో సగటున 44 సెకన్లకో గోలు పడింది. స్లొవేకియా 139 షాట్లు కొడితే బల్గేరియా ఒక్కటీ కొట్టలేకపోయింది. విదేశీ పత్రికలు దాన్ని వింత వార్తగా వేసుకున్నాయి. మహిళల ఐస్ హాకీని తీసిపారేయాలనుకున్న ప్రతివాళ్లూ ఇప్పటికీ ఆ స్కోరునే బయటికి తీస్తారు.

ఆ కథకి తరవాయి భాగం ఉంది. పదిహేడు నెలలకి, 2010 ఫిబ్రవరిలో, అదే స్లొవేకియా వాంకూవర్‌లో కెనడాతో ఆడి 0-18తో ఓడింది. పులిలా కనిపించిన జట్టు పిల్లి అయిపోయింది. ఆ ఒలింపిక్స్ అయ్యేలోపే అప్పటి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) అధ్యక్షుడు జాక్ రోగ్, ఇలాంటి అంతరాలతో ఈ ఆట ఎల్లకాలం సాగడం కుదరదన్నట్టు మాట్లాడారు. ఒలింపిక్స్ నుంచి అమ్మాయిల ఐస్ హాకీని తీసేస్తారేమోనన్న భయం నిజంగానే పట్టుకుంది.

ఇక 2023 జనవరి. స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్‌లో అండర్-18 మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్. ఆ టోర్నీలో అత్యంత విలువైన క్రీడాకారిణి అవార్డు కెనడాకో అమెరికాకో పోలేదు. స్లొవేకియా అమ్మాయి నేలా లోపుషనోవాకి దక్కింది. అప్పటికి ఆమె వయసు 14. తొమ్మిది గోల్స్, మూడు అసిస్ట్‌లు (తోటివాళ్ల గోలుకి అందించిన పాసులు). ఆ గోల్స్‌లో ఒకటి, గోల్ పోస్టు వెనక నుంచి పక్‌ని (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని) కర్ర మీదికి ఎత్తి, పై మూలలోంచి లోపలికి తోసేసిన 'మిషిగన్' గోలు. మగవాళ్ల ప్రొఫెషనల్ లీగుల్లో కూడా ఎవరైనా అలా కొడితే ఆ వీడియో రోజంతా తిరుగుతుంది.

0-18 నుంచి అక్కడికి పదమూడేళ్లు పట్టింది. ఈ మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. డబ్బు, కోచ్‌లు, ఇరుగున చెక్ హాకీ సంస్కృతి, ఇవన్నీ కారణాలే. కానీ నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్దది, ఎవరూ చూడని ఒక చిన్న టోర్నీ. దాని పేరు 'డివిజన్ వన్'.

అండర్-18 మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటిసారి జరిగింది 2008 జనవరిలో, కాల్గరీలో. అంటే 82-0 జరిగిన ఏడాదే. ఎనిమిది జట్లు ఆడాయి, అమెరికా గెలిచింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని షాంబెరీలో దానికి కింద డివిజన్ వన్ మొదలుపెట్టారు. తర్వాత అది ఎ, బి గ్రూపులైంది. వాటికి అర్హత పోటీలు వచ్చాయి, చివరికి డివిజన్ టూ కూడా వచ్చింది. ఇవాళ మెక్సికో, టర్కీ, స్పెయిన్, ఆస్ట్రేలియా అమ్మాయిలు ఆడేది ఈ కింది అంతస్తుల్లోనే. పద్ధతి సులువు: గ్రూపులో గెలిచినవాళ్లు ఒక మెట్టు పైకి, చివర మిగిలినవాళ్లు ఒక మెట్టు కిందికి. స్లొవేకియా 2019లో డివిజన్ వన్ ఎ గ్రూపు గెలిచింది. 2020లో సొంత నగరం బ్రాటిస్లావాలో పెద్ద జట్ల సరసన ఆడింది. లోపుషనోవా వచ్చేనాటికి ఆమె ఆడడానికి పై స్థాయిలో ఒక జట్టు సిద్ధంగా ఉంది. ఎంత ప్రతిభ ఉన్నా, దేశం కింది డివిజన్లో ఇరుక్కుపోయి ఉంటే ఆ 'మిషిగన్' గోలు ప్రపంచం కంట్లో పడేదా అన్నది అనుమానమే.

కింది డివిజన్ మ్యాచ్ ఎలా ఉంటుందో చెప్పాలంటే వీడియో కంటే స్కోర్ షీట్ మేలు. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ కాగితం పెడుతుంది. ఫలితం గడి ఒక్కటే చూసి పక్కన పెడితే ఏమీ అర్థం కాదు. మూడు పీరియడ్ల (ఇరవయ్యేసి నిమిషాల భాగాల) గోల్స్ విడివిడిగా చూడాలి. చాలా మ్యాచ్‌ల్లో మొదటి పీరియడ్ 1-0, రెండోది 2-0, మూడోది 5-0 లాంటి వరస కనిపిస్తుంది. ఎందుకంటే ఐస్ హాకీలో ఒక క్రీడాకారిణి ఒక్కో విడత ముప్పావు నిమిషం అటూ ఇటూ ఆడి బెంచీకి వచ్చేస్తుంది, ఇంకో వరస, అంటే కలిసి ఆడే ఇంకో బృందం, దిగుతుంది. బెంచీ నిండుగా ఉన్న జట్టు నాలుగు వరసలు తిప్పుతుంది. చిన్న దేశం పద్నాలుగు, పదిహేను మందితో వస్తే రెండు వరసలే తిరుగుతాయి. ఊపిరి అందేలోపే మళ్లీ మంచు మీదికి వెళ్లాలి. నలభయ్యో నిమిషం దాటాక కాళ్లు కదలవు. ఆ 5-0 చెబుతున్నది ఆ దేశంలో ఆడే అమ్మాయిల సంఖ్య గురించి. నైపుణ్యం గురించి తెలుసుకోవాలంటే మొదటి పీరియడ్ చూడండి.

తర్వాత గోల్‌కీపర్ లెక్క. అరవై షాట్లు వచ్చి, యాభై రెండు ఆపిందనుకుందాం. జట్టు 0-8తో ఓడింది, ఆమె మాత్రం ఒక రాత్రిలో యాభై రెండు సార్లు గెలిచింది. బలమైన దేశంలో పుట్టిన పదహారేళ్ల గోల్‌కీపర్‌కి ఒక సీజన్‌లో కొన్ని వారాలు పట్టే పని ఈ అమ్మాయికి ఒకే రాత్రి తగిలింది. అయితే ఇది అతిగా పొగడాల్సిన విషయం కూడా కాదు. రోజూ అరవై షాట్లు మీద పడితే ఏ పిల్ల అయినా ఆట మానేస్తుంది. అందుకే డివిజన్లు కావాలి: అరవై షాట్ల రాత్రి ఏడాదికి ఒకటో రెండో ఉండాలి, మిగతావి ముప్ఫై షాట్ల రాత్రులు కావాలి. 2008లో బల్గేరియాకి ఆ మధ్యమెట్టు లేదు. అర్హత పోటీలో ఎవరు ఎదురొస్తే వాళ్లతో ఆడాల్సొచ్చింది. ఆ స్కోరులో తప్పు బల్గేరియాది కంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చిన పద్ధతిదే ఎక్కువ అంటాను.

ఒక చిన్న విషయం, చాలామందికి తెలియదు. ఈ టోర్నీల్లో పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ ఫలితం. బలహీన జట్టు మీద ఇరవై గోల్స్ కొట్టినా సాధారణంగా లాభం ఉండదు. మన ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ కోసం పడే తాపత్రయం ఇక్కడ అంతగా ఉండదన్నమాట. మంచి నియమం.

జపాన్ సంగతి ఇంకా ఆసక్తికరం. షాంబెరీలో మొదటి డివిజన్ వన్ గెలిచింది వాళ్లే. అక్కణ్నించి పైకెక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. 2019లో సొంత ఊరు ఒబిహిరోలో ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టుకుని, సొంత ప్రేక్షకుల ముందే ఆఖరి స్థానంలో నిలిచి కిందికి జారారు. పరువు పోయిందనుకునే సమయం. ఏడాది తిరిగేసరికి లోజాన్ యూత్ ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయిలు ఫైనల్లో స్వీడన్‌ని ఓడించి స్వర్ణం గెలిచారు. కిందికి దిగడం శిక్ష అనుకునేవాళ్లు ఈ ఏడాది వ్యవధిని గుర్తుపెట్టుకోవాలి.

దక్షిణ కొరియా అడ్డదారి పట్టింది, పట్టక తప్పలేదు. 2007 ఆసియా వింటర్ గేమ్స్‌లో జపాన్ చేతిలో 0-29తో ఓడిన జట్టది. 2018 ఒలింపిక్స్‌కి ఆతిథ్యం ఇస్తున్నారు కాబట్టి చోటు ఇచ్చారు. చివరి నిమిషంలో రాజకీయం కలిసి ఉత్తర కొరియా అమ్మాయిలను చేర్చి ఉమ్మడి జట్టు చేశారు. ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ ఓడారు. రెండు గోల్స్ కొట్టి ఇరవై ఎనిమిది ఇచ్చుకున్నారు. ప్రపంచ మీడియా ఐక్యత గురించి రాసింది, స్కోర్ల గురించి జాలిపడింది. కానీ జపాన్‌తో ఈసారి 1-4. పదకొండేళ్లలో ఇరవై తొమ్మిది గోల్స్ తేడా మూడుకి వచ్చింది. 2024లో సొంతగడ్డ గాంగ్‌వన్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో, ముగ్గురేసి ఆడే పోటీలో కొరియా అమ్మాయిలు రజతం గెలిచారు. వీళ్లలో ఎవరూ 0-29 నాటికి స్కేట్లు కట్టుకుని ఉండరు.

ఇంత పనికొచ్చే వ్యవస్థని నడిపేవాళ్లు ఎలా చూస్తున్నారు? 2021లో కోవిడ్ వల్ల అండర్-18 మహిళల పోటీలు రద్దయ్యాయి. సరే, అందరివీ రద్దయ్యాయి. ఆ ఏడాది క్రిస్మస్ ముందు ఒమిక్రాన్ వచ్చింది. సమాఖ్య జనవరి టోర్నీలన్నీ మళ్లీ రద్దు చేసింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అబ్బాయిల అండర్-20. టికెట్లు, టీవీ డబ్బులు ఉన్నది దానికే. కొద్ది రోజులకే అదీ మధ్యలో ఆగిపోయిందనుకోండి, అది వేరే సంగతి. క్రీడాకారిణులు గట్టిగా అడిగాక అమ్మాయిల పై డివిజన్‌ను జూన్‌లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెట్టారు. అండర్-18లో ఒక అమ్మాయి ఆడగలిగేది కొన్ని సీజన్లే. రెండు పోయాయంటే ఆమెకి ఇక జాతీయ జెర్సీ దక్కకపోవచ్చు. పెద్ద దేశం అమ్మాయికి కాలేజీ హాకీ ఉంది, క్లబ్ ఉంది. చిన్న దేశం అమ్మాయికి ఆ ఐదు మ్యాచ్‌లే ఏడాది మొత్తం.

అవును, ఐదే. ఆరు జట్ల గ్రూపులో ఒక్కొక్కరికి ఐదు మ్యాచ్‌లు, వారం రోజుల్లో అయిపోతాయి. కింది డివిజన్లని తప్పుపట్టాలంటే నేను దీన్ని తప్పుపడతాను. ఏడాదంతా డబ్బు కూడబెట్టి, విమానమెక్కి, ఐదు మ్యాచ్‌లాడి తిరిగిరావడం చాలా ఖరీదైన వ్యవహారం. బలహీన జట్లని తగ్గించాలన్న వాదన నాకు నచ్చదు. పక్కపక్క దేశాలు కలిసి ఇలాంటి టోర్నీలే ఇంకో రెండు పెట్టుకోవాలన్నదే నా వాదన.

మన దగ్గర ఇదే చర్చ క్రికెట్‌లో నడిచింది. 2025 జనవరిలో మలేసియాలో జరిగిన అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. మనమంతా పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. స్కాట్లాండ్ 58కి ఆలౌటైంది. అంతకుముందు ఇండియా మీద మలేసియా 31కి, దక్షిణాఫ్రికా మీద సమోవా 16కి కుప్పకూలాయి. 'ఇలాంటి జట్లని ఎందుకు పిలుస్తారు' అని సోషల్ మీడియాలో జోకులు పేలాయి. సమోవా పదహారుకి అవుటైన ఆ టోర్నీలోనే నైజీరియా అమ్మాయిలు న్యూజిలాండ్‌ని రెండు పరుగుల తేడాతో ఓడించారు. జోకులేసినవాళ్లలో ఎంతమంది ఆ మ్యాచ్ గురించి మాట్లాడారో నాకైతే గుర్తులేదు.

ఐస్ హాకీలో మనమే ఆ సమోవా. భారత మహిళల జట్టు తొలిసారి అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2016లో తైపీలో. వెళ్లడానికి జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నారు. ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలు. అక్కడ చెరువులు గడ్డకట్టే రెండు నెలలే వాళ్ల సీజన్. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ని 4-3తో ఓడించి మొదటి గెలుపు చూశారు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు. తైపీలో ఆగిపోయి ఉంటే అల్ ఐన్ ఉండేది కాదు.

కానీ ఇదంతా పెద్దవాళ్ల జట్టు గురించి. అండర్-18 అమ్మాయిల ప్రపంచ చాంపియన్‌షిప్ మెట్ల మీద భారత్ లేదు. దానికి మంచు లేదనే సాకు ఇక పూర్తిగా చెల్లదు. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం కట్టి, ఏళ్ల తరబడి మూతపెట్టిన డెహ్రాడూన్ రింక్‌ని 2025లో మళ్లీ తెరిచారు. లేహ్‌లోనూ కృత్రిమ మంచు రింక్ వచ్చింది. మంచే లేని తెలంగాణ నుంచి వెళ్లిన స్కేటర్లు ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో పతకాలు తెచ్చారు. హైదరాబాద్‌లో, విశాఖ బీచ్ రోడ్డులో చక్రాల స్కేట్లతో మొదలుపెట్టిన పిల్లలు మంచు మీద బ్యాలెన్స్ త్వరగానే పట్టుకుంటారు. ఆగడం నేర్చుకోవడానికే టైం పడుతుంది. చక్రాల మీద ఆగే పద్ధతి వేరు, బ్లేడుని అడ్డంగా కోసి ఆగే పద్ధతి వేరు.

డెహ్రాడూన్‌లో ఏటా ఒక వారం అండర్-18 అమ్మాయిల కోసం పక్కన పెట్టి మలేసియా, యూఏఈ, ఫిలిప్పీన్స్ జట్లని పిలిస్తే నాలుగు జట్ల టోర్నీ అవుతుంది. మొదటి రెండేళ్లు మనవాళ్లు చిత్తుగా ఓడే అవకాశమే ఎక్కువ. అప్పుడు వచ్చే హెడ్‌లైన్లు కూడా ఊహించుకోవచ్చు. వాటికి బెదిరి మూడో ఏడు ఆ టోర్నీని ఆపేయకుండా ఉండడమే మన ఐస్ హాకీ సంఘం చేయాల్సిన పని. మన క్రీడా సంఘాలకి కష్టమైన పని కూడా అదే.