మెగాడెత్ అంటే మస్టేన్ ఒక్కడేనా?

"మెగాడెత్ డేవ్ మస్టేన్ సొంత దుకాణం. పాటలన్నీ అతనివే. మిగతావాళ్లు కూలికి వాయించినవాళ్లు, కోపమొస్తే గెంటేశాడు. ఎవరు మారినా సౌండ్ మారలేదు." గిటారిస్ట్, గాయకుడు మస్టేన్ నడిపించిన అమెరికన్ బ్యాండ్ మెగాడెత్ గురించి, త్రాష్ మెటల్ (వేగంగా, గట్టిగా సాగే రాక్) వినేవాళ్ల మధ్య బాగా తిరుగుతున్న మాట ఇది. మొదటి ముక్కలో సగం నిజముంది. చివరిది మాత్రం శుద్ధ తప్పు.

"పాటలన్నీ అతనివే": రిఫ్‌ల (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసల) మటుకు చాలావరకు అవును. 1990 నాటి 'రస్ట్ ఇన్ పీస్' ఆల్బమ్ రచన దాదాపు మొత్తం మస్టేన్‌దే. కానీ 1992లో అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో 2వ స్థానానికి వెళ్లిన 'కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్' సంగతేమిటి? పొలాలు పోగొట్టుకున్న రైతుల గురించిన 'ఫోర్‌క్లోజర్ ఆఫ్ ఎ డ్రీమ్'లో బేస్ గిటార్ వాయించే డేవిడ్ ఎల్ఫ్సన్‌కు వాటా ఉంది. అతను మిన్నెసోటా రైతు బిడ్డ. టైటిల్ పాట రచనలో డ్రమ్మర్ నిక్ మెంజా పేరూ ఉంది.

"కూలికి వాయించారు": 2004 నాటి 'ద సిస్టమ్ హ్యాజ్ ఫెయిల్డ్' విషయంలో ఒప్పుకోవాల్సిందే. చేతి నరం దెబ్బతిని 2002లో బ్యాండ్‌ను మూసేసిన మస్టేన్, డ్రమ్స్‌కు విన్నీ కొలయూటా లాంటి స్టూడియో కళాకారులను పెట్టుకుని ఆ ఆల్బమ్ చేశాడు. 2022 ఆల్బమ్‌లో బేస్ కూడా అంతే, బయటినుంచి స్టీవ్ డిజార్జియో వచ్చి వాయించాడు. ఈ రెండింటినీ చూపించి నలభై ఏళ్ల బ్యాండ్‌కు అదే ముద్ర వేస్తే ఎలా? ఎల్ఫ్సన్ 1983 నుంచి 2002 దాకా ఒక్క ఆల్బమ్ కూడా వదల్లేదు.

"గెంటేశాడు": 1987లో గిటారిస్ట్ క్రిస్ పోలండ్‌ను, డ్రమ్మర్ గార్ శామ్యూల్సన్‌ను, 2021లో ఎల్ఫ్సన్‌ను తీసేసిన మాట నిజం. గిటారిస్ట్ మార్టీ ఫ్రీడ్‌మన్ 2000లో తనంతట తానే వెళ్లాడు. 2014లో గిటారిస్ట్ బ్రోడెరిక్, డ్రమ్మర్ డ్రోవర్ వెంటవెంటనే తప్పుకున్నారు. 2023లో గిటారిస్ట్ కీకో లోరేరో కుటుంబం కోసం ఆగిపోయాడు.

ఇక "సౌండ్ మారలేదు" అన్నది. చెవులు పెట్టి వింటే తేలిపోతుంది. 1986 'పీస్ సెల్స్' పక్కన 1988 'సో ఫార్, సో గుడ్' పెట్టండి, గిటార్లు వదిలేసి డ్రమ్స్‌లో స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్), హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మాత్రమే వినండి. జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) నుంచి వచ్చిన శామ్యూల్సన్ గట్టి దెబ్బల నడుమ చిన్న చిన్న దెబ్బలు జారుస్తాడు, రిఫ్ ఊగుతుంది. అతని తర్వాత వచ్చిన చక్ బేలర్ నిటారుగా కొడతాడు. వేగం ఉంటుంది, ఊపు ఉండదు. మస్టేన్ రిఫ్‌లు రాసే తీరు ఈ రెండేళ్లలో అంతగా మారలేదు. మారింది డ్రమ్మరే.

గిటార్‌కు 'రస్ట్ ఇన్ పీస్'లోని 'హ్యాంగర్ 18' పాట రెండో సగం చాలు. అక్కడ మస్టేన్, ఫ్రీడ్‌మన్ సోలోలు (ఒక్కరే ముందుకొచ్చి వాయించే ముక్కలు) ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మస్టేన్ చాలా స్వరాలను పిక్‌తో (తీగ మీటే బిళ్లతో) గీరి కొడతాడు. ఫ్రీడ్‌మన్ కింది స్వరం దగ్గర మొదలుపెట్టి తీగ లాగుతూ మెల్లగా పైకి చేరతాడు. తర్వాత అదే ఆల్బమ్‌లో 'టోర్నడో ఆఫ్ సోల్స్' సోలో వినండి. ఆ పాటకు రిఫ్ రాసింది మస్టేనే, అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఫ్రీడ్‌మన్ సోలోనే.

ఒక జాగ్రత్త: పోల్చడానికి 'రస్ట్ ఇన్ పీస్' 1990 విడుదలే వాడండి. 2004లో ఆ ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేశారు (వాయిద్యాల పాళ్లు మార్చి కలిపారు). కొన్ని గొంతు ట్రాకులు దొరక్క మస్టేన్ మళ్లీ పాడాడు కూడా. ఆ ప్రతి పెట్టుకుని డ్రమ్స్ గురించి వాదిస్తే 1990 గురించి మాట్లాడినట్టు కాదు.

ఇంకా అనుమానముంటే 2016 'డిస్టోపియా'లో 'కాంకర్ ఆర్ డై!' వినండి. రచనలో కీకో వాటాదారు. మొదట్లో వచ్చే క్లాసికల్ గిటార్ అతనిదే.